బూచి వేషం

మమ్మల్ని చూపించి పిల్లలకు అన్నం తినిపించిన పల్లెల్లో పుట్టినవాళ్ళం మేము. "తింటవా, సాయిబుకు పట్టియ్యాల్నా?" అని తల్లి అనగానే పోరగాడు గబగబా రెండు ముద్దలు మింగేవాడు. నల్గొండ వైపు మా ఊళ్ళల్లో ఇది రోజూ వినే మాటే. పట్టుకుపోయే ఆ సాయిబు ఎవరో కాదు, మా తాత. గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన సంచి. ఆ సంచిలో పిల్లలెవరూ ఉండేవాళ్ళు కాదు. ఇంటింటికీ తిరిగి అమ్ముకునే సూదులు, దారపుండలు, పిన్నీసులు ఉండేవి. సంగతి తాతకూ తెలుసు. ఆయనకు కోపం రాలేదు. అటుగా పోతూ కావాలనే కళ్ళు పెద్దవి చేసి చూసేవాడట. పిల్లవాడు ముద్ద మింగాక నవ్వేవాడట. ఊళ్ళో అందరూ అది ఆటే అనుకున్నారు. మేమూ అట్లాగే అనుకున్నాం.

ఆ ఆట ఎంతవరకో 1992 డిసెంబర్ తర్వాత తెలిసింది. అప్పటికి తాత లేడు. అదే సంచి భుజాన వేసుకుని బస్సెక్కిన మా మేనమామను, పక్క సీట్లో ఆయన సంచి విప్పి చూపించమన్నాడు. మామ విప్పాడు. సూదులూ, దారాలూ చూసి కూడా ఆయన సీటు మారి కూర్చున్నాడు.

అలాంటి మేము 2024 అక్టోబర్‌లో ఒక రాత్రి, టికెట్టు కొనుక్కుని మరీ భయపడటానికి వెళ్ళాం.

మేము అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. కాలిఫోర్నియాలో అనాహైమ్‌లో ఉంటున్న చెల్లెలింటికి పోయాం. పోయినప్పటికి ఇల్లు ఇల్లుగా లేదు. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న చెల్లెలి కూతురు ఆ సీజనుకు ఒక ఉద్యోగంలో చేరింది. పక్కనే ఉన్న బ్యునా పార్క్ ఊళ్ళో, నాట్స్ బెర్రీ ఫామ్ అనే థీమ్ పార్కులో, హాలోవీన్ రాత్రుల్లో దయ్యం వేషం. తల్లి ఏడుస్తోంది. తండ్రి మాట్లాడటం మానేశాడు. హాలోవీన్ మనది కాదు, దయ్యాల పండగ, పిల్లల్ని పంపకండని మసీదులో ప్రతి ఏడూ చెబుతారట. ఇక్కడ సొంత బిడ్డే దయ్యమై కూర్చుంది. పెద్దవాళ్ళం గనుక మేం పోయి చూసి వచ్చి ఏదో ఒకటి తేల్చాలని మా నెత్తిన పెట్టారు.

పిల్ల మాత్రం ఒకటే మాట అంది. "నేను దయ్యాన్ని నమ్మడం లేదు ఖాలా, దయ్యంగా ఉద్యోగం చేస్తున్నాను."

ఆ పార్కు కథ కొంచెం చెప్పాలి. వాల్టర్ నాట్ అనే రైతు అక్కడ బాయ్‌సెన్‌బెర్రీ పండ్లు పండించి రోడ్డు పక్కన అమ్ముకునేవాడు. కరువు రోజుల్లో, 1934లో, ఆయన భార్య కార్డీలియా తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాల్లో ఎనిమిది మందికి కోడి భోజనం వండి పెట్టి డబ్బు తీసుకుంది. ఆ రుచి పేరుపడి జనం గంటల తరబడి వరసలో నిలబడసాగారు. నిలబడ్డవాళ్ళకు కాలక్షేపం కావాలని 1940లో నాట్ ఒక పాడుబడ్డ పల్లెను కట్టడం మొదలుపెట్టాడు. పాత కాలపు కొయ్య ఇళ్ళు, జైలు, సారాకొట్టు. పేరు ఘోస్ట్ టౌన్. ఘోస్ట్ అని ఉన్నా అక్కడ దయ్యాలు లేవు. బంగారం, వెండి అయిపోయాక జనం వదిలిపోయిన ఊళ్ళను వాళ్ళు అలా పిలుస్తారు. దయ్యాలు 1973లో వచ్చాయి. హాలోవీన్ ముందు మూడు రాత్రులు పార్కును చీకటి చేసి, పనివాళ్ళకు వేషాలు కట్టి వదిలారు. ఇప్పుడది సెప్టెంబర్ నుంచే మొదలయ్యే పెద్ద జాతర. అమెరికాలో తక్కిన పార్కులు ఈ వ్యాపారంలోకి దిగింది తర్వాతే. (కార్డీలియా కోడి ఇప్పటికీ దొరుకుతుంది. మాకు హలాల్ కాదు గనుక బెర్రీ జాముతో సరిపెట్టుకున్నాం.)

గేటు దగ్గర ఒక బోర్డు చూసి మా ఆవిడ ఆగిపోయింది. లోపలికి వచ్చేవాళ్ళు వేషాలు, మాస్కులు వేసుకోకూడదు. ఎవరు దయ్యమో ఎవరు జనమో తెలియాలి కదా. "మరి నా స్కార్ఫ్?" అంది. తీసేయమంటే వెనక్కి పోదామనుకున్నాం. సంచి తెరిచి చూపించాం. ఆ పని మాకు బాగా అలవాటు. లోహపు తనిఖీ చట్రం దాటాం. కాపలా మనిషి స్కార్ఫ్ వంక కూడా చూడలేదు. బాగా భయపడండి అని నవ్వి పంపించాడు. అంత సుళువుగా పంపించినందుకు మాకే ఏదో తక్కువైనట్టు అనిపించింది.

లోపల పొగ. యంత్రాలతో వదిలిన తెల్లటి పొగ, మనిషికి మనిషి కనపడనంత. ఆ పొగలోంచి కర్రలు నేల మీద ఈడుస్తున్న చప్పుడు, గొలుసుల చప్పుడు. ఉన్నట్టుండి ఒకడు పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద పడి జర్రున జారుతూ మా కాళ్ళ దాకా వచ్చాడు. మోకాళ్ళకు లోహపు తొడుగులు, చేతులకు లోహం కుట్టిన గ్లవుజులు. నేల రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. ఈ జారుడు విద్య ఇక్కడే పుట్టిందని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చీకటి గదుల వరసలు వేరే ఉన్నాయి. ఒక్కో వరసలో ఒక్కో కథ. రెండు చూసి మూడో దానికి పోలేదు. అన్నీ ఒకటే. మూల తిరగగానే మీద పడతారని తెలుస్తూనే ఉంటుంది, అయినా గుండె ఆగుతుంది.

మేం ఎక్కువసేపు చూసింది ఆ పల్లె వీధినే. ఎందుకంటే అక్కడ ఒక నియమం ఉంది. దయ్యం మనిషిని తాకకూడదు, మనిషి దయ్యాన్ని తాకకూడదు. ముఖానికి జానెడు దూరం దాకా వస్తారు, కళ్ళల్లోకి చూస్తారు, చెయ్యి మాత్రం పడదు. మీద చెయ్యి వేసిన జనాన్ని బయటికి పంపించేస్తారు. ఎంతసేపు భయపడాలో, ఎప్పుడు ఇంటికి పోవచ్చో, దయ్యం ఎప్పుడు రంగు కడుక్కుంటుందో, అన్నీ ముందే ఒప్పుకున్న సంగతులు. బస్సులో మా మేనమామకు ఇట్లాంటి ఒప్పందం ఏదీ లేదు.

పిల్లను గుర్తు పట్టాలని ఎంత వెతికినా దొరకలేదు. చచ్చిన పెళ్ళికూతురో, మంత్రగత్తెయో ఏదో చెప్పింది. నల్లటి ముసుగున్న వేషం అడిగి తీసుకుందట, జుట్టు కనపడకుండా. దయ్యానికీ మాకూ ఆ ఒక్క విషయంలో రాజీ కుదిరింది. నీళ్ళ సీసా కోసం మేం ఒక కొట్టు ముందు ఆగాం. మా ఆవిడ చెవి వెనక నుంచి, అత్యంత మర్యాదగా ఒక గొంతు, "అస్సలాము అలైకుం, ఖాలా" అంది.

"యా అల్లా!" అని మా ఆవిడ వేసిన కేక ఆ వీధంతా వినపడి ఉంటుంది.

తర్వాత జరిగినది ఒక్క క్షణమే. మేమిద్దరం ఒకేసారి నోరు మూసుకున్నాం. ఒకేసారి చుట్టూ చూశాం. ఎవరు విన్నారు? ఎవరు మా వైపు తిరుగుతున్నారు? ఎటు పోవాలి? దయ్యాన్ని చూసి పుట్టిన భయం ఆ క్షణంలో ఎటు పోయిందో పోయింది. ఇది వేరే భయం, పాత భయం. అమ్మ కడుపులోంచి రాగానే మా చెవిలో పడిన మాట అది. భయమేస్తే, కాలు జారితే, పాలు పొంగితే మా నోటికి వచ్చేది అదే. కానీ సినిమాల్లో బాంబు పేలే ముందు వినిపించేది కూడా అదే గదా. 2016 ఏప్రిల్‌లో ఇదే లాస్ ఏంజిలిస్‌లో, బర్క్లీలో చదువుకునే ఒక కుర్రవాడు విమానంలో కూర్చుని ఫోనులో అరబ్బీలో మాట్లాడుతూ ఇన్షా అల్లా అన్నాడు. ఎవరో విని భయపడ్డారు. అతన్ని దించేశారు. అది చదివినప్పటి నుంచీ ఎయిర్‌పోర్టుల్లో మేం అమ్మతో ఫోను మాట్లాడితే 'దేవుడి దయ' అని తెలుగులో అంటున్నాం.

ఆ వీధిలో ఎవరూ తిరిగి చూడలేదు. అందరూ ఎవరి దేవుణ్ణి వాళ్ళు కేకేస్తూనే ఉన్నారు. పొగలోంచి మా పిల్ల నవ్వు ఒకటి వినపడింది. మరో గుంపు మీదికి పోయింది. ఉద్యోగం కదా.

ప్రతి దేశమూ తన బూచిని తనే తయారు చేసుకుంటుంది. ఆ ఘోస్ట్ టౌన్ లాంటి ఊళ్ళు చూపించే కౌబాయ్ సినిమాల్లో బూచి ఎవరు? ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న ఆదివాసి. 2016లో ఇదే పార్కు, దీని కంపెనీకే ఉన్న ఇంకొన్ని పార్కులు ఒక కొత్త వినోదం పెట్టబోయాయి. పిచ్చాసుపత్రిలో రోగి బూచి. దాని పేరులో 5150 అనే అంకె ఉంది. మతి చెడి తనకో ఇతరులకో ప్రమాదం అనిపించిన మనిషిని 72 గంటల దాకా బలవంతాన ఆసుపత్రిలో ఉంచేందుకు వీలిచ్చే కాలిఫోర్నియా సెక్షను అది. రోగుల కుటుంబాల వాళ్ళు, వాళ్ళ సంఘాలు లేచాయి. మా బిడ్డల జబ్బు మీకు దయ్యమా అన్నారు. మొదట అంకె తీసేశారు. తర్వాత కొద్ది రోజులకే మొత్తం మూసేశారు. ఆ సంగతి తెలిసి మాకు సంతోషమూ వేసింది, అసూయా వేసింది. అడిగితే వినేవాళ్ళు ఉండటం ఎంత భాగ్యం!

2023లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ వాళ్ళు లాటిన్ అమెరికా పల్లెల దయ్యాలతో ఒక చీకటి ఇల్లు కట్టారు. మెక్సికో మూలాల పిల్లలు తమ నాయనమ్మలు చెప్పిన దయ్యాలను చూడటానికి బారులు తీరారట. మాకూ జిన్నాతులున్నాయి. చింతచెట్టు మీద, పాడుబడ్డ దర్గా బావిలో, రాత్రిపూట మిఠాయి దుకాణానికి వచ్చే తెల్లబట్టల జిన్నుతో సహా. రేపు ఎవరైనా జిన్నుల ఇల్లు కడితే కట్టేది ఎవరు? మా నానీని అడిగి కడతారా, గోడల మీద అరబ్బీ అక్షరాలు నెత్తుటి రంగుతో రాసి, బాంగు వినిపించి కడతారా? అక్షరం చూస్తేనే జడుసుకునే జనం ఉన్నప్పుడు జిన్నుకు పెద్ద పనేం ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లను తీసుకుని బ్రూక్‌హర్స్ట్ వీధికి పోయాం. అనాహైమ్‌లో అరబ్బుల దుకాణాలున్న వీధి. దాన్ని లిటిల్ అరేబియా అని నగర కౌన్సిలు 2022లో అధికారికంగా గుర్తించింది. ఇరవై ఏళ్ళకు పైగా జనం పిలుస్తున్న పేరు కాగితం మీద ఎక్కడానికి అంత కాలం పట్టింది. కబాబులు తింటూ అడిగాం, ఈ పని నీకెందుకమ్మా అని. కాలేజీ ఫీజు అంది. ఫీజుకు కాఫీ కొట్టులో పని చేసుకోవచ్చు గదా అన్నాం.

కాసేపు రొట్టె తుంచుతూ కూర్చుంది. 2017లో, ముస్లిం దేశాల వాళ్ళు రాకూడదని ప్రెసిడెంటు ఉత్తర్వు వేసిన ఏడు, తను ఏడో తరగతి. స్కార్ఫ్ కొత్తగా కట్టుకోవడం మొదలుపెట్టింది. క్లాసులో ఒక అబ్బాయి తన బ్యాగు కిందపడితే రెండు చేతులూ పైకెత్తి గోడకు నక్కాడట. క్లాసంతా నవ్వింది. టీచరమ్మ కూడా ఆపుకోలేకపోయింది. ఇంట్లో చెప్పలేదు.

"ఆ రోజు నేనేం చేయలేదు ఖాలా. బ్యాగు పడింది, అంతే. ఇక్కడ గంటసేపు రంగు పూసుకుని, చీకట్లో పొంచి కూర్చుని, గొంతు పోయేట్టు అరిస్తే గాని ఎవరూ భయపడరు. కొందరు అప్పుడూ భయపడరు." అని నవ్వింది. గొంతు నిజంగానే పోయి ఉంది.

మేం ఏమీ తేల్చలేదు. ఆమె తండ్రికి చెప్పాల్సింది చెప్పాం. అబ్బాయిలు పక్కన ఉంటారు గాని తాకరు, తల కప్పే ఉంటుంది, తిండి ఇంటి నుంచి పట్టుకుపోతుంది. ఆయన షిర్క్ అంటాడు. పీర్ల పండగే షిర్క్, దర్గాకు పోవడమే షిర్క్ అనే కాలం వచ్చింది మనకు. ఆయనతో ఆ వాదన మేం పెట్టుకోలేదు.

పిల్లకు సెలవున్న సాయంత్రం నల్గొండకు వీడియో కాల్ చేశాం. అక్కడ ఫజర్ నమాజు అయిన వేళ. వేషంలో దిగిన ఫోటో నానీకి చూపించవద్దని తల్లి సైగ చేస్తూనే ఉంది, పిల్ల చూపించేసింది. ముసలామె కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మీ తాత తమ్ముడు పీర్ల పండక్కి పులేషం కట్టేటోడు. ఒళ్ళంత పసుపు రంగు, నల్ల చారలు. కట్టే ముందు పీర్ల కాడ ఊదు ఏపిచ్చుకొని కట్టేటోడు. ఊరంత ఉరికేది, మన పిల్లలు, వాళ్ళ పిల్లలు అందరు. నువ్వు రంగేసుకునే ముందు బిస్మిల్లా అనుకుంటున్నవా?"

"రోజూ అనుకుంటున్న నానీ."

"మరింకేంది. గొంతేంది అట్లున్నది? మిరియాల పాలు తాగు. మెల్లగ అరిస్తె ఎవలు భయపడతరు?"