బండి నేల మీద నిలబడ్డాకే బిగించాలి

బండి కింద పడుకుని చూసే అలవాటు నాకు మిషిగన్‌లో వచ్చింది. అక్కడ చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి అడుగున చేరి ఇనుమును తినేస్తాయి. నా పికప్‌కు ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయినప్పుడు, బోల్టు వెళ్లి బుష్ లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి ఒకటే ముద్దయింది. పానాకు లొంగలేదు. మంట చూపించినా కదల్లేదు. చివరికి కోసి తీయాల్సి వచ్చింది. అక్కడ మెకానిక్ గంట కూలీ ఎక్కువ కాబట్టి ఉత్త బుష్ మార్చేవాళ్లు తక్కువ. బుష్‌లు, బాల్ జాయింటు అన్నీ బిగించి వచ్చే కొత్త ఆర్మ్‌నే వేసేస్తారు.

ఈసారి సెలవుల్లో అదే పని అరకులో చూశాను. చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది శృంగవరపుకోట. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తు. రోడ్డు మైదానాన్ని వదిలి అనంతగిరి వైపు మెలికలు తిరుగుతూ కొండెక్కేది మా కోట దాటాకే. మా చిన్నాన్న కొడుకు ఆ రోడ్డు మీదే పికప్ తోలుతాడు. ఉప్పు, బియ్యం, సిమెంటు పైకి తీసుకెళ్తాడు. సంతల్లో ఎత్తిన అల్లం, పసుపు, క్యాబేజీ కిందికి దింపుతాడు. చలికాలం కాఫీ పండు కోతకొస్తే కాఫీ బస్తాలు కూడా ఉంటాయి. ఎక్కేటప్పుడూ బరువే, దిగేటప్పుడూ బరువే.

"అన్నయ్యా, బ్రేకు మీద కాలేస్తే ముందర టక్కుమంటంది. ఎడమ పక్కకి లాగీస్తంది. టైరు లోపలంచు ఒక్కటే అరిగిపోతంది, ఓపాలి చూడు" అన్నాడు. ఆ మూడు మాటలతోనే రోగం సగం తెలిసిపోయింది.

ఈ బుష్ చూడ్డానికి చిన్న వస్తువు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకొకటి, రెంటినీ పట్టుకుని మధ్యన రబ్బరు. మన మోకాలిలో ఎముకల మధ్య గుజ్జు చేసే పనే చక్రానికీ చాసిస్‌కీ మధ్య ఈ రబ్బరు చేస్తుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం చాసిస్ చెవుల మధ్య కదలకుండా ఇరుక్కుంటుంది. చక్రం గోతిలో దిగి లేచినప్పుడల్లా, దాన్ని చాసిస్‌కి కలిపే ఆర్మ్ పైకీ కిందికీ ఆడాలి కదా, ఆ ఆట మొత్తం రబ్బరు మెలితిరగడం వల్లే సాధ్యమవుతుంది. గ్రీజుతో పనిలేదు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మాక్స్ లాంటి పికప్‌లకు ముందు ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఇలాంటి ఆర్మ్‌లుంటాయి. పాత జీపులకు ఆర్మ్‌లుండవు, కమాన్ కట్టలుంటాయి. కానీ ఆ కట్టల చివర్ల గుండ్రటి కళ్లల్లోనూ బుష్‌లే ఉంటాయి.

ఘాట్ రోడ్డు ఈ రబ్బరుకు ఎందుకు శత్రువో దిగేటప్పుడు తెలుస్తుంది. గాలికొండ దాటి అనంతగిరి మీదుగా కిందికి వస్తుంటే మలుపు మలుపుకీ బ్రేకు పడుతుంది. తొక్కిన ప్రతిసారీ బండి బరువు ముందుకు వాలుతుంది, నేల చక్రాన్ని వెనక్కి నెడుతుంది. ఆ తోపుడు ఎక్కువగా లోయర్ ఆర్మ్ బుష్ మీదే పడుతుంది. ఆపైన మలుపులో పక్కకు లాగే బలం ఒకటి, వానాకాలం గోతుల దెబ్బ ఇంకొకటి. రబ్బరు చీలాక ఆర్మ్ తన చోటు వదిలి జరగడం మొదలుపెడుతుంది. చక్రం కోణం మారిపోతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి డ్రైవరు తిప్పిన వైపు కాకుండా తనకు తోచిన వైపు పోతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెబుతారు. ఇంజనే బండిని పట్టి ఉంచితే ముందు చక్రాల మీద బ్రేకు భారం తగ్గుతుంది, బుష్‌కీ ఆయుష్షు పెరుగుతుంది.

మేం బండి తీసుకెళ్లిన మేస్త్రి షెడ్డు అరకులో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలికి ఉంది. హైడ్రాలిక్ ప్రెస్సు లేదు, కింద నిలబడి పనిచేసే గుంత కూడా లేదు. ముందు వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు. బండిని జాకీ మీద వదిలెయ్యకుండా చాసిస్ కింద స్టాండ్లు నిలబెట్టాడు. అలైన్‌మెంటు సరిచేసే కామ్ బోల్టు ఏ గీత దగ్గరుందో తీసేముందే ఉలితో చిన్న గాటు పెట్టుకున్నాడు. ఆర్మ్ ఊడి చేతికొచ్చాక పాత బుష్ ఎటు తిరిగి ఉందో చూసి, ఆర్మ్ మీద సుద్దముక్కతో గుర్తు వేశాడు. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలుంటాయి. అవి ఏ దిక్కున ఉండాలో ఆ దిక్కునే ఉండాలి. తిప్పి దిగ్గొడితే మెత్తగా ఉండాల్సిన వైపు బిర్రుగా, బిర్రుగా ఉండాల్సిన వైపు మెత్తగా తయారవుతుంది.

కొత్త బుష్ ఎక్కించడానికి కుర్రాడు సమ్మెట అందుకోబోతే మేస్త్రి ఆపాడు. ఒక పొడవాటి మరబోల్టు, లేత్‌లో కోయించుకున్న రెండు గొట్టం ముక్కలు తీశాడు. ఒక గొట్టం సరిగ్గా బుష్ బయటి అంచుకే ఆనుతుంది, రబ్బరుకు తగలదు. నట్టు తిప్పుతుంటే బుష్ అంగుళం అంగుళం లోపలికి జారింది. జారడానికి సబ్బునీళ్లు రాశాడు. ఆయిలు రాస్తే సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అక్కడే పక్కన ఆయిలు డబ్బా ఉన్నా అతని చెయ్యి అటు పోలేదు.

అసలు కిటుకు ఆ తర్వాతే వచ్చింది. ఆర్మ్ బిగించి బోల్టులు వేళ్లతో తిప్పి, పానాతో కొంచెం పట్టించి వదిలేశాడు. చక్రాలు తొడిగి, బండి నేలకు దించి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ నెట్టించాడు. పాత రైలు స్లీపరు చెక్కలు రెండు తెప్పించి ముందు చక్రాలను వాటి మీదికి ఎక్కించాడు. నన్నూ తమ్ముణ్నీ క్యాబిన్‌లో కూర్చోమన్నాడు. అప్పుడు కిందికి దూరి, ఒక్కొక్క బోల్టూ గట్టిగా బిగించాడు.

"బండి గాల్లో యేలాడతన్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంకరకే అతుక్కుపోద్ది బాబూ. కిందకి దింపగానే మెలిపడతాది. నిలబడున్నా మెలే, నడుస్తున్నా మెలే. ఇంకెన్నాళ్లాగుతాది?"

మిషిగన్‌లో సర్వీసు మాన్యువల్లో నేను చదివింది ఇదే. బండి తన బరువు మీద తాను నిలబడినప్పుడే చివరి బిగింపు. చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. అక్కడ బిగిస్తే లోపలి గొట్టం అదే కోణంలో పట్టేస్తుంది. బండి దిగగానే రబ్బరు ఒక పక్కకు మెలిపడి, మళ్లీ విప్పేదాకా అలాగే ఉంటుంది. కొత్త బుష్‌లు వేసినా కొద్దికాలానికే చిరిగాయంటే, తప్పు సామాను మీద వేసేముందు బిగింపు గురించి అడగాలి. కమాన్ కట్టల బుష్‌లకూ ఇదే సూత్రం. దీనికి పైసా ఖర్చు లేదు. కావలసింది తెలివిడి, ఇంకాస్త ఓపిక.

"అమెరికాలో గట్టి బుష్‌లుంటాయట గదన్నయ్యా, ఓ జత పంపించు" అన్నాడు తమ్ముడు. పాలీయూరిథేన్ బుష్‌ల సంగతి. వద్దన్నాను. అవి రేసులకీ ఆటలకీ బాగుంటాయి. గోతి దెబ్బను మింగకుండా చాసిస్‌కే పంపేస్తాయి. చాలారకాలకు గ్రీజు కూడా అందుతుండాలి. బస్తాలు మోసే బండికి మంచి రబ్బరే దిక్కు. కొండ దిగాక వీల్ అలైన్‌మెంటు మాత్రం మర్చిపోవద్దని చెప్పాను. గాటు ఎంత సరిగ్గా కలిపినా, బుష్ మారాక అలైన్‌మెంటు చూపించాల్సిందే.

ఇదంతా ఒక్క పికప్ కథ అయితే ఇంత రాసేవాణ్ని కాదు. 2022 ఏప్రిల్‌లో ఈ కొండలకు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అయినా ప్రాణం మీదికొచ్చిన కేసులు చాలావరకు ఘాట్ దిగి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి చేరాల్సిందే. 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి, కొత్త రోడ్లు కూడా పడుతున్నాయి. కానీ రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణుల్నీ రోగుల్నీ ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. డోలీ వచ్చి ఆగేచోట జీపో అంబులెన్సో నిలబడి ఉండాలి. ఆ బండి బుష్‌లు పోయి షెడ్డులో పడి ఉంటే, భుజాల మీది నడక అన్ని మైళ్లు పెరుగుతుంది. సంతకు బస్తా చేరకపోతే గిరిజన రైతు వచ్చినకాడికి అమ్ముకుని పోతాడు.

ప్రవాసులమైన మనం ఊరికి ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు అంబులెన్సు కొనిస్తాం, బండికి పూలదండ వేసి తాళాలు అప్పగిస్తాం. ఆ మంచిపనిని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఘాట్ రోడ్డు మీద తిరిగే బండికి బుష్‌లూ బాల్ జాయింట్లూ మార్చే ఖర్చు ఏటేటా ఉంటుందని మొదటి రోజే లెక్క కట్టాలి. ఆ ఖర్చుకు విరాళమిచ్చే చెయ్యి ఇంతవరకు నాకు కనబడలేదు.

కొండమీది బండికి సాయం చేద్దామనుకునేవాళ్లకు నాదొక మనవి. బండితో పాటు దాని సామాను ఖర్చు కూడా ఇవ్వండి. ఘాట్ ఎక్కినచోట ఉన్న షెడ్డుకు ఒక ప్రెస్సు, ఒక టార్క్ రెంచి ఇవ్వండి. మేస్త్రి దగ్గర పని నేర్చుకునే గిరిజన కుర్రాడికి నేర్చుకున్నన్నాళ్లూ నెలజీతం ఇవ్వండి. ఆ మేస్త్రికి వయసు మీదపడుతోంది. చక్రాలు నేలకు దిగాకే ఎందుకు బిగించాలో అతని నోటితో చెప్పించి, ఆ కుర్రాడి చేతులతో చేయించుకునే వ్యవధి ఇప్పుడే ఉంది. నేను నా వంతు ఆ షెడ్డుతోనే మొదలుపెట్టాను. మీ ఊరి కొండ కింద షెడ్డు ఏదో కనుక్కోండి.