మేత చదువు

‘గడ్డి వేయడానికీ పెద్ద చదువు కావాలా?’ ప్రకాశం జిల్లాలో ఓ పాడి రైతు కూతుర్ని అడిగిన మాట ఇది.

బైపీసీ అయ్యాక ఆమె ఐదున్నరేళ్లు బీవీఎస్సీ చదివితే మురిసిపోయాడాయన. ఎంవీఎస్సీలో పశుపోషణ తీసుకుంటానంటే మాత్రం ముఖం ముడుచుకున్నాడు. సూది వేస్తేనే డాక్టరని ఆయన నమ్మకం.

ఎనిమిదో తరగతిలో చూసింది ఆమె మర్చిపోలేదు. పెళ్లింట్లో మిగిలిన అన్నం పారేయడమెందుకని తెచ్చి, చూలు గేదెకు కడుపునిండా పెట్టాడు నాన్న. తెల్లారేసరికి అది పొట్ట ఉబ్బి పడిపోయింది. మర్నాటికి లేదు. దిష్టి అన్నారంతా.

అసలు కారణం కాలేజీలో తెలిసింది. గేదె పొట్టలో నాలుగు గదులు. మొదటిదాంట్లో కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. ఒకేసారి అంత అన్నం పడితే ఆమ్లం పెరిగిపోయి పశువు ప్రాణమే పోతుంది.

ఈ కోర్సులకు తిరుపతి, హైదరాబాద్‌లలో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. పరిశోధనకు బెంగళూరులో 1995లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. పదో తరగతి చాలనుకుంటే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా. పాడి ఖర్చులో సగానికి పైగా మేతదే కాబట్టి దాణా ఫ్యాక్టరీలు, డెయిరీలు, కోళ్ల కంపెనీల్లో ఉద్యోగాలుంటాయి.

ఆమె ఇప్పుడో దాణా ఫ్యాక్టరీలో తవుడు, చెక్క, మొక్కజొన్న పాళ్లు లెక్క కడుతోంది. ఓ సెలవుల్లో నాన్నకు ఆ గేదె సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత ఊళ్లో ఏ పెళ్లి జరిగినా, మిగిలిన అన్నం పశువులకు పెట్టొద్దని ముందుగా వెళ్లి చెప్పేది ఆయనే!