వుడ్‌వర్డ్ రోడ్డు మీద మూడక్షరాల బండి

డెట్రాయిట్‌లో ఏం చూసొచ్చారని అడిగితే 'రోడ్డు చూశాం' అని చెబుతుంటాను. అందరూ నవ్వుతారు. కానీ ఆ రోడ్డు మీద పాత కార్లను చూడ్డానికే ఆగస్టు నెల మూడో శనివారం నాడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పేరు వుడ్‌వర్డ్ అవెన్యూ. డెట్రాయిట్ నది దగ్గర మొదలై పోంటియాక్ అనే ఊరిదాకా పోతుంది. ఇరవై మైళ్ల పైమాటే. 1909లో అమెరికాలో మొదటి మైలు కాంక్రీటు రహదారి వేసింది దీనిమీదే. 1913లో ఫోర్డ్ కంపెనీ కదిలే వరసలో కార్లు బిగించడం మొదలుపెట్టిన హైలండ్ పార్క్ ఫ్యాక్టరీ కూడా దీని పక్కనే.

మా అబ్బాయి అక్కడికి దగ్గర్లోనే ట్రాయ్‌లో ఉంటాడు. ఆ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు బోలెడంత మంది. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ని. మేం వెళ్లిన వారానికే ఆ ఉత్సవం వచ్చింది. 'నాన్నా, నయాగరా తర్వాత చూద్దాం, ముందు నీకు ఇది చూపించాలి' అని వాడు పొద్దున్నే బయల్దేరదీశాడు.

దాన్ని వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అంటారు. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊరివాళ్లు పిల్లల సాకర్ మైదానం కోసం డబ్బు పోగేయడానికి మొదలుపెట్టారట. ఇప్పుడది మన రథోత్సవమంత అయ్యింది. కాకపోతే రథాలే వేలల్లో ఉంటాయి! జనం మడతకుర్చీలు వేసుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. ముందు నుంచి పాత బండ్లు గుడగుడమంటూ సాగిపోతుంటాయి.

అక్షరాల్లేని బండి

రాయల్ ఓక్ ఊళ్లో ఓ చెట్టు నీడన 1965 మోడల్ పోంటియాక్ బండి ఒకటి ఆగి ఉంది. నీలం రంగు. ఒకదానిమీద ఒకటిగా నిలువుగా పేర్చిన హెడ్‌లైట్లు. 'జీటీఓ' అన్నాడు మా వాడు గొప్పగా. పక్కనే కుర్చీలో ఉన్న పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. 'కాదు బాబూ. నేనూ అలాగే అనుకుని కొన్నాను' అన్నాడు.

ఆయన మాట అర్థం కావాలంటే ఆ బండి పుట్టుక తెలియాలి.

1963లో జనరల్ మోటార్స్ కంపెనీ తన విభాగాలన్నింటినీ కారు పందేలకు దూరంగా ఉండమంది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాల కంటే పెద్ద ఇంజను పెట్టకూడదనే నియమం కూడా ఉండేది. పోంటియాక్ విభాగంలో చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్. ఆయనా, ఆయన బృందమూ ఒక కిటుకు కనిపెట్టారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి. పాత మోడల్‌కి 'ఆప్షన్' అంటే అక్కర్లేదు. అంతే! టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు బండికి 389 క్యూబిక్ అంగుళాల ఇంజనును ఆప్షన్‌గా పెట్టేశారు. అంటే సుమారు 6.4 లీటర్లు. మన మారుతి 800 ఇంజన్లు ఎనిమిది కలిపితే అంత! ఆప్షన్ ధర 300 డాలర్లకు కాస్త తక్కువ. జీటీఓ అన్న పేరు ఫెరారీ నుంచి తెచ్చుకున్నారు.

అయిదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. ఆ మొదటి ఏడాది, 1964లో, 32,450 బండ్లు పోయాయి.

అసలు తమాషా ఆప్షన్ల జాబితాలోనే ఉంది. కొనేవాడు షోరూములో కూర్చుని హోటల్లో మెనూ చూసి చెప్పినట్టు చెప్పేవాడు. మూడు గేర్లు మామూలుగా వస్తాయి. నాలుగు కావాలంటే అదనం. ఒక కార్బ్యురేటర్ మామూలు. వరసగా మూడు కావాలంటే అదనం, అప్పుడు 325 హార్స్‌పవర్ కాస్తా 348 అవుతుంది. రేడియో అదనం, పవర్ స్టీరింగ్ అదనం, ఏసీ అదనం. దాంతో ఒకే రంగు బండ్లు రెండు పక్కపక్కన నిలబెట్టినా లోపల వేటికవే.

ఏడాదికో వేషం

మన అంబాసిడర్ 2014లో తయారీ ఆగిపోయేదాకా దాదాపు ఒకే రూపంతో బతికింది. ఇక్కడ అలా కాదు. ప్రతి శరదృతువులో వచ్చే ఏడాది మోడల్ దిగిపోయేది. 1965లో హెడ్‌లైట్లు నిలువయ్యాయి. 1966లో జీటీఓ ఆప్షన్ హోదా నుంచి సొంత మోడల్ అయ్యింది. ఆ ఏడే 96,946 అమ్ముడయ్యాయి. మళ్లీ ఎప్పుడూ అంత పోలేదు. 1967లో ఇంజను 400 అంగుళాలకు పెరిగింది, మూడు కార్బ్యురేటర్లు పోయాయి, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు ఆప్షన్‌గా వచ్చాయి. 1968లో బండి రంగులోనే ఉండే మెత్తటి బంపరు వచ్చింది. దెబ్బ కొట్టినా సొట్ట పడదని టీవీలో కొట్టి చూపించేవారు. 1969లో 'ది జడ్జ్' అనే నారింజరంగు అవతారం, 1970లో 455 అంగుళాల ఇంజను.

తర్వాత దిగుడే. బీమా కంపెనీలు కుర్రకారు బండ్లకు ప్రీమియం పెంచేశాయి. పొగ నియమాలొచ్చాయి. 1971లో సీసం తక్కువ పెట్రోలు కోసం ఇంజను కంప్రెషన్ తగ్గించారు. 1972లో జీటీఓ మళ్లీ ఆప్షన్ అయిపోయింది. 1974లో వెంచురా అనే చిన్నబండికి ఆప్షన్‌గా వచ్చి, ఆ ఏడాదితో ఆగిపోయింది. 2004 నుంచి 2006 దాకా ఆస్ట్రేలియాలో తయారైన బండికి ఆ పేరు పెట్టారు. 2010లో పోంటియాక్ అనే బ్రాండే లేకుండా పోయింది.

ఇన్వాయిస్ చెప్పిన మాట

ఇక పెద్దాయన సంగతి. 1966 నుంచి 1971 దాకా జీటీఓ బండి నంబరు 242తో మొదలవుతుంది. చూడగానే తెలిసిపోతుంది. కానీ 1964, 65 బండ్లు ఆప్షన్లే కాబట్టి వాటి నంబరు మామూలు లెమాన్స్ నంబరే. దాంతో లెమాన్స్‌కి అక్షరాలు తగిలించి అమ్మేవాళ్లు బయల్దేరారు. పైగా 326, 389 ఇంజన్లు బయటికి ఒకే కొలత. రంగు కూడా వేసేస్తే విప్పకుండా పోల్చుకోవడం కష్టం.

ఈయన రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పెద్ద ముక్క పెట్టి బండి కొన్నాడు. కొన్నేళ్ల తర్వాత ఫ్యాక్టరీ ఇన్వాయిస్ నకలు తెప్పించుకున్నాడు. ఆ కాలపు పోంటియాక్ ఇన్వాయిస్‌లు మైక్రోఫిల్మ్ మీద భద్రంగా ఉన్నాయి. రుసుము కడితే నకలు పంపుతారు. వచ్చిన కాగితంలో జీటీఓ అన్న లైను లేదు. 326 ఇంజను, ఆటోమేటిక్ గేరు, రేడియో. ఎవరో సంసారి కొనుక్కున్న బండి. ఇప్పుడున్న 389 మరో పెద్ద పోంటియాక్ నుంచి తీసి పెట్టింది.

'మరి ఇంజను అదే, బండి రూపం అదే. తేడా ఏముంది?' అని అడిగాడు మా వాడు.

'ఒక్క లైను తేడా. అది ఫ్యాక్టరీలో కొట్టాల్సిన లైను. నేను కొట్టలేను' అన్నాడాయన.

నాకు డిపో గుర్తొచ్చింది. ఒక బస్సు ఇంజను ఇంకో బస్సుకు ఎన్నిసార్లు ఎక్కించలేదు! కానీ ఎక్కించిన ప్రతిసారీ రిజిస్టర్లో రాసేవాళ్లం. బస్సు మార్చిన ఇంజనుతో తిరగడం తప్పు కాదు. రాయకపోవడం తప్పు.

ఆయన అక్షరాలు తనే ఊడదీసి, చిల్లులు పూడ్చి, రంగు వేయించాడు. బానెట్ మీద గాలిగూడు మాత్రం ఉంచేశాడు. మార్చాలంటే మళ్లీ ఖర్చు. ఇన్వాయిస్ నకలు ముందు అద్దం లోపల, అందరికీ కనబడేలా పెట్టాడు. 'అక్షరాలు అతికించి అమ్మేయొచ్చుగా, కొనేవాడు కూడా నాలాగే కొంటాడు అంటాడు మా మనవడు. అందుకే అమ్మను' అన్నాడు.

'ఒకసారి స్టార్ట్ చేస్తారా?' అని అడిగాను. చేశాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. వాల్వుల చప్పుడు కూడా సరిగ్గా ఉంది. బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆ మనిషి ముఖం వెలిగిపోయింది.

సాయంత్రం అదే రోడ్డు పట్టుకుని చివరిదాకా, పోంటియాక్ ఊరికి వెళ్లాం. 1763లో ఆంగ్లేయులపై తిరగబడ్డ ఒడావా తెగ నాయకుడి పేరది. ఊరి పేరు కారుకొచ్చింది. కారు పోయింది, ఊరుంది. తిరిగొస్తుంటే ఎదురుగా ఆ నీలం బండి ఇంటికి పోతూ కనిపించింది. మా వాడు హారన్ కొట్టాడు. 'లెమాన్స్ వెళ్తోంది చూడు నాన్నా' అన్నాడు.