వైర్‌గ్రాస్ సీమలో చెరకు పానకం

జార్జియా రాష్ట్రం దక్షిణ భాగం, దాన్ని ఆనుకుని ఉన్న ఉత్తర ఫ్లోరిడా, అలబామా ఆగ్నేయపు మూల కలిసిన నేలకు అమెరికాలో వైర్‌గ్రాస్ ప్రాంతమని పేరు. పైన్ చెట్ల కింద తీగలా సన్నగా, బిరుసుగా పెరిగే గడ్డి వల్ల ఆ పేరు వచ్చింది. ఇసుక పాలు ఎక్కువున్న నేల. పత్తి, వేరుశనగ, మొక్కజొన్న ప్రధానమైన పంటలు. వీటితో పాటు చాలాకాలం దాదాపు ప్రతి రైతూ ఇంటి అవసరానికి ఓ చిన్న చెక్క చెరకు వేసుకునేవాడు. ఆ చెరకు చక్కెర మిల్లుకు వెళ్లేది కాదు, బెల్లం అయ్యేది కాదు. గానుగాడి, రసం కాచి, పాకం దశలోనే దించి ఏడాది పొడవునా వాడుకునేవారు. అక్కడివాళ్లు దాన్ని కేన్ సిరప్ అంటారు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెకు నంజుకునే చెరకు పానకం తిన్నవారికి ఆ పదార్థమేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

బెల్లం దాకా వెళ్లకుండా పాకం దగ్గరే ఎందుకు ఆగిపోయారన్నది ఈ ప్రాంతం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న. జవాబు మంచులో ఉంది. చెరకు ఉష్ణమండలపు పంట, బాగా ముదరడానికి పది పన్నెండు నెలలు పడుతుంది. అనకాపల్లి భూమధ్యరేఖకు 18 డిగ్రీల లోపు ఉంటే, దక్షిణ జార్జియా 31 డిగ్రీల దగ్గర ఉంది. వసంతంలో మొలకెత్తిన తోటకు నవంబరులో గడ్డకట్టే చలి తగులుతుంది. ఎనిమిది తొమ్మిది నెలల చెరకును కొట్టక తప్పదు. లేత చెరకు రసంలో సుక్రోజుతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు పాలు ఎక్కువగా ఉంటాయి. ఈ రెండూ సుక్రోజును పలుకు కట్టనివ్వవు. ముదరని చెరకుతో బెల్లం వండితే అచ్చు సరిగా కట్టదని, జిగురు సాగుతుందని మన రైతులకు తెలిసిన సంగతే. ఇక్కడ లోపమనుకునే ఆ గుణమే అక్కడ పనికొచ్చింది. పానకం నెలల తరబడి పలుకు కట్టకుండా, జారుగా నిలవాలంటే ఆ జిగురే కావాలి.

బెల్లం వండేటప్పుడు రసంలోని పులుపు విరవడానికి సున్నం వేస్తారు. వైర్‌గ్రాస్ సీమలో సున్నం ముట్టరు. రసంలోని సహజమైన పులుపు, గంటల తరబడి మంట కలిసి మరికొంత సుక్రోజును విడగొడతాయి, పాకం ఇంకా నిలకడగా ఉంటుంది. కారణం చెప్పగలిగిన శాస్త్రం ఏదీ తెలియకుండానే ఆ రైతులు సరైన పద్ధతి పట్టుకున్నారు.

చలి సమస్య కోతతో తీరదు. వచ్చే ఏడాదికి విత్తనం దాచాలి. దానికి మంచి గడలు ఎంచి, ఆకు దుయ్యకుండా, నేలలో తవ్విన గుంటలో వరుసగా పరిచి పైన మట్టి కప్పుతారు. చలికాలమంతా చెరకు ఆ మట్టి కింద నిద్రపోతుంది. వసంతం రాగానే తీసి, ముచ్చెలు నరికి నాటుతారు. కార్శి తోట కూడా ఉంటుంది గానీ చలి గట్టిగా పడిన ఏడాది దుబ్బులు చచ్చిపోతాయి కాబట్టి దాన్ని పూర్తిగా నమ్ముకోరు.

గానుగ సామాన్యంగా మూడు ఇనుప రోలర్లది. నిలువుగా నిలబెట్టిన ఒక పెద్ద రోలరు, దాని పక్కన రెండు చిన్నవి. మొదటి సందులో గడ నలుగుతుంది, ఇరుకైన రెండో సందులో పిండవుతుంది. రోలరు తలకు ఓ పొడవాటి దూలం బిగించి, దాని కొసకు కంచర గాడిదను కట్టి తిప్పేవారు. గానుగకు చెరకు పెట్టే మనిషి చిన్న పీట మీద కూచుని, దూలం తల మీదికి వచ్చిన ప్రతిసారీ వంగాలి. ధ్యాస తప్పితే తలకు దెబ్బ, ఇంకా తప్పితే వేళ్లు రోలర్లలోకి. జార్జియాలోనే కొలంబస్ పట్టణంలో 1882లో మొదలైన గోల్డెన్స్ ఫౌండ్రీ, టెనెసీలోని చట్టనూగా ప్లౌ కంపెనీ పోతపోసిన గానుగలు ఇవాళ్టికీ పాత కొట్టాల్లో, కొన్నిచోట్ల పనిచేసే స్థితిలోనే కనిపిస్తాయి. జంతువు బదులు ట్రాక్టరో, మోటారో తిప్పుతుంది, అంతే తేడా.

రసం గోనెగుడ్డ గుండా వడిసి కొప్పెరలో పడుతుంది. కొప్పెర అంటే పోత ఇనుముతో చేసిన, అడుగు గుండ్రంగా ఉండే పెద్ద పాత్ర. 60 గ్యాలన్లు, 80 గ్యాలన్లు, ఇంకా పెద్దవీ ఉంటాయి. అమెరికా గ్యాలన్ మన 3.8 లీటర్లతో సమానం. ఇటుకల పొయ్యిలో దాన్ని కదలకుండా కట్టేస్తారు, ఒక పక్క కట్టెలు పెట్టే నోరు, ఎదురుగా పొగగొట్టం. రాజుకోవడానికి బంక పట్టిన పైన్ చితుకులు వాడతారు.

తెల్లవారుజామున గానుగ కట్టేది కొప్పెర నిండాలనే. మొదటి గంటలో రసం వేడెక్కే కొద్దీ ఆకుపచ్చని తెట్టు పైకి తేలుతుంది. మరుగు రాకముందే దాన్ని జల్లి గరిటెతో తీసెయ్యాలి. మరిగాక తెట్టు లోపలికి కలిసిపోతే పానకం నల్లబడి, చేదెక్కుతుంది. తీసిన తెట్టు ఓ పీపాలో పోస్తారు. అది పులిస్తే మత్తు పానీయమవుతుంది, పందులకూ పోస్తారు. ఆ రోజు పందులు నిలకడగా నడవవు.

తర్వాత మూడు నాలుగు గంటలు నీరు ఆవిరి కావడమే పని. రసం పచ్చదనం పోయి, గడ్డి రంగు, తేనె రంగు, చివరికి ఎర్రని గోధుమ రంగుకు వస్తుంది. నురుగు కొప్పెర అంచు దాటి పొంగి, చుట్టూ కట్టిన వెడల్పాటి పళ్లెం లాంటి అంచు మీదుగా మళ్లీ లోపలికి జారుతుంది. ఆ అంచున ఎండిన పాకాన్ని పిల్లలు చెరకు పేడుతో గీకి తింటారు. మొదట్లో సన్నగా ఉన్న బుడగలు పోనుపోను పెద్దవై, బరువుగా పగులుతాయి. వంటగాడు గరిటె ముంచి ఎత్తి పట్టుకుంటాడు. పాకం బొట్లు బొట్లుగా రాలితే ఇంకా కావాలి. బొట్లు రెండు కలిసి సన్నని తెరలా జారితే అయినట్టే. ఉష్ణమాపకం ఉన్నవారికి అది సుమారు 108 డిగ్రీల సెంటీగ్రేడు. నీళ్లు మరిగే వేడికి ఎనిమిది డిగ్రీలు పైన, అంతే. రెండు డిగ్రీలు తక్కువైతే పానకం పులుస్తుంది, రెండెక్కువైతే సీసాలో గట్టిపడుతుంది.

ఇక్కడే అసలు తొందర. మన దగ్గర బెల్లం పెనాన్ని నలుగురు పట్టి దించుతారు. ఇటుకల్లో కట్టేసిన కొప్పెరను దించడం కుదరదు. మంట లాగేసి, పొడవాటి కామ ఉన్న ముంతలతో పాకాన్ని గబగబా తోడి, గుడ్డ గుండా పీపాల్లోకి పోస్తారు. అడుగంటకుండా కొప్పెరలో వెంటనే కొత్త రసమో, నీళ్లో పోస్తారు. ఎనిమిది నుంచి పది గ్యాలన్ల రసం ఒక గ్యాలన్ పానకం అవుతుంది. అంటే ఓ 60 గ్యాలన్ల కొప్పెర ఒకసారి కాగితే చేతికొచ్చేది ఆరేడు గ్యాలన్లు.

గానుగ అందరికీ ఉండేది కాదు. లేనివాళ్లు చెరకు బండిమీద తెచ్చి ఆడించుకుని, పానకంలో వంతు గానుగ యజమానికి ఇచ్చి వెళ్లేవారు. డబ్బు అరుదైన చోట అదే చెల్లుబాటు. నవంబరు రాత్రుళ్లు పొయ్యి చుట్టూ ఇరుగుపొరుగు చేరేవారు, ఫిడేలు వాయించేవాడు ఎవడో ఒకడు ఉండేవాడు. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఇంకో సంగతి మరవకూడదు. అమెరికా దక్షిణాన చెరకు మొదట బానిసల చేత పండించిన పంట. లూసియానాలో 1795 ప్రాంతంలో తోట యజమాని ఎటియెన్ ద బోరె చక్కెర పలుకు కట్టించిన దగ్గర్నుంచి పెద్ద తోటల సంపదంతా వాళ్ల చెమటే. అంతర్యుద్ధం తర్వాత జార్జియా చిన్న రైతు, కౌలు రైతు, తెల్లవాడైనా నల్లవాడైనా, చక్కెర కొనలేక ఇంటి కొప్పెరను ఆశ్రయించాడు.

ఇంటి సరుకును బజారుకెక్కించిన ఊరు కేరో. ఈజిప్టు కైరో స్పెల్లింగే, పలకడం మాత్రం కేరో అని. జార్జియాలో గ్రేడీ కౌంటీ ముఖ్యపట్టణం. 19వ శతాబ్దం చివర్లో సీబోర్న్ ఆండర్సన్ రాడెన్‌బెరీ అనే పల్లెటూరి డాక్టరు ఇక్కడ పానకం వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ కుటుంబపు కంపెనీ తర్వాత ఊరగాయలు, వేరుశనగ వెన్న దాకా విస్తరించింది. కేరో హైస్కూలు జట్ల పేరు సిరప్‌మేకర్స్, అంటే పానకం కాచేవాళ్లు. పులులూ సింహాలూ అని పేరు పెట్టుకునే చోట ఇంత నిజాయతీ గల పేరు అరుదు. లూసియానాలోని ఎబ్బెవిల్‌లో స్టీన్ కుటుంబపు మిల్లు 1910లో మొదలైంది. చలికి దెబ్బతిన్న చెరకును కాపాడుకోవడానికే దాన్ని పెట్టారంటారు. వాళ్ల పసుపు డబ్బా ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది.

1920ల్లో మొజాయిక్ తెగులు పాత చెరకు రకాలను ఊడ్చేసింది. అప్పుడు లూసియానా రైతులను ఆదుకున్న రకాల్లో కోయంబత్తూరులో పుట్టిన కో 281, కో 290 ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చక్కెర చవకైంది, మొక్కజొన్న సిరప్ ముంచుకొచ్చింది, పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడే మనుషులు పట్టణాలకు వెళ్లిపోయారు. ఇప్పుడు కొప్పెరలు కొన్ని కుటుంబాల దగ్గర, సంగ్రహాలయాల్లో, పండుగల్లో మండుతున్నాయి. టిఫ్టన్‌లోని జార్జియా వ్యవసాయ సంగ్రహాలయం, ఫ్లోరిడాలోని డడ్లీ ఫార్మ్ వాటిలో పేరున్నవి.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు ఈ పానకం కొనదలిస్తే సీసా వెనక చదవాలి. మొలాసిస్ అని ఉంటే అది చక్కెర తీశాక మిగిలిన మడ్డి. సోర్గమ్ అని ఉంటే తీపి జొన్న రసం. మొక్కజొన్న సిరప్ కలిపినవీ ఉంటాయి. చెరకు రసం ఒక్కటే రాసి ఉన్న సీసా తెచ్చుకుంటే దిబ్బరొట్టెకు సరిపోతుంది.