చేపలకి వాన నీళ్లు

మా రాజోలు వైపు కాలువలు కట్టేసిన సంగతి పేపరు చూసి తెలుసుకోనక్కర్లేదు. వంటింట్లో కందిపప్పే చెబుతుంది. వేసవిలో కాలువ ఆగి, మేడ మీద ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కిన మర్నాడే కుక్కరు మరో రెండు విజిల్స్ అడుగుతుంది. సబ్బు నురగ రాదు. హీటరు కాయిల్‌కి తెల్లటి పెచ్చు కడుతుంది. మా ఇంట్లో ఇంకో గుర్తు కూడా ఉంది. హాల్లో ఉన్న మూడడుగుల చేపల తొట్టె.

రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలూదే బొమ్మ ఉండే తొట్టె కాదిది. నిజం మొక్కలు పెరిగేది. రిబ్బన్లలా సాగే వాలిస్‌నేరియా, వాటి మధ్య మెరుస్తూ తిరిగే నియాన్ టెట్రాలు. ఈ టెట్రాల సొంతూరు అమెజాన్ అడవులు. అక్కడి వాగుల్లో రాలిన ఆకులు నాని నీళ్లు టీ డికాక్షన్ రంగులో, కాస్త పులుపుగా ఉంటాయి. ఖనిజాలు దాదాపు ఉండవు. మా బోరు నీళ్ల సంగతి అందుకు పూర్తిగా ఎదురు.

నీళ్ల కఠినత్వం అంటే వాటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియమే. తాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. మా బోరు 350 దాటింది. కాలువ నీళ్లు నూరు లోపే. ఇక పీహెచ్ అంటారా, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పదింతలు.

కోనసీమలో ఈ లెక్కలు కొత్తేం కాదు. రొయ్యల చెరువు చేసే ఏ రైతునడిగినా తెల్లారుజామున ఓసారి, మధ్యాహ్నం ఓసారి పీహెచ్ చూస్తానంటాడు. పగలు మొక్కలు, నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తాయి కనుక పీహెచ్ పెరుగుతుంది. రాత్రికి అది మళ్లీ నీళ్లలో చేరి దిగుతుంది. అమలాపురంలో చెరువుల నీళ్లు పరీక్ష చేసే ఓ దుకాణానికి నేనూ సీసా పట్టుకెళ్లాను. కుర్రాడు కాగితం తీసి, ‘ఎన్నెకరాలండీ?’ అన్నాడు. ‘మూడడుగులండి’ అన్నాను. ‘ఆయ్!’ అని నవ్వి, డబ్బులు మాత్రం ఎకరాల లెక్కనే తీసుకున్నాడు.

పీహెచ్ తగ్గించే మందు సీసాలు దొరుకుతాయి. వాటి మీద నాకు గురి లేదు. కఠినమైన నీళ్లలో ఉండే బైకార్బొనేట్లు పోసిన ఆమ్లాన్నల్లా మింగేస్తాయి. పీహెచ్ ఇవాళ దిగి ఎల్లుండికి యథాస్థానానికి వస్తుంది. ఆ ఎగుడుదిగుడే చేపకి ప్రమాదం. పెరట్లో రాలిన బాదం ఆకు వేయమని పక్కింటి మాస్టారు చెప్పారు. ఆ ఆకులోని టానిన్లు నీటిని పులుపు వైపు లాగే మాట నిజమే. కాని మా బోరు నీళ్లలో రంగు దిగిందే తప్ప పీహెచ్ కదల్లేదు. వాలిస్‌నేరియా ఆకులైతే చేత్తో రాస్తే గరగరలాడేవి. గాలి వాయువు అయిపోయాక ఆ మొక్క బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కుంటుంది, మిగిలిన సున్నం ఆకు మీదే పేరుకుంటుంది. ఇది చాలక మా మేనల్లుడు అంతర్వేది ఇసుకలో ఏరిన గవ్వలు తెచ్చి తొట్టెలో వేస్తానన్నాడు. గుల్లసున్నం కాల్చేది అలాంటి గుల్లల్నే కదరా అని, ఒకదాని మీద నిమ్మరసం పిండి చూపించాను. బుసబుసా పొంగింది.

మందులతో పనిలేకుండా కఠినత్వం తగ్గాలంటే మెత్తటి నీళ్లు కలపడమే దారి. అంటే వాన నీళ్లు. తొలి వానలు పెంకుల మీది దుమ్ము, పిట్టల రెట్టలు కడిగేసేదాకా వదిలేసి, తర్వాత చూరు కింద డ్రమ్ము పెట్టాను. రెండు పాళ్లు వాన నీళ్లకి ఒక పాలు బోరు నీళ్లు. ఉత్త వాన నీళ్లే పోస్తే పీహెచ్‌ని పట్టి నిలిపేది ఏదీ ఉండదు, మొక్కకి కావలసిన కాల్షియమూ ఉండదు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం, అదీ నెమ్మదిగా.

అంతా కుదిరిందనుకుంటున్న రోజున అమ్మ అడిగింది. ‘చేపలకి వాన నీళ్లు, మనకి డబ్బా నీళ్లానా?’

అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో నూతి నీళ్లే తాగేవారట. ఇప్పుడు అవి నోట పెట్టుకోలేం. సముద్రానికి దగ్గరి నేలల్లో మంచి నీరు ఉప్పు నీటి మీద పల్చటి పొరలా తేలుతూ ఉంటుంది. మోటార్లు పెట్టి ఎక్కువ తోడితే కిందనున్న ఉప్పు పైకి ఎక్కి వస్తుంది. చుట్టుపక్కల ఉప్పునీటి చెరువులుంటే పక్కల నుంచీ ఊరుతుంది. మా నూతి విషయంలో ఏది ఎంతో నేను తేల్చలేను. ఇరవై లీటర్ల డబ్బా మాత్రం ఇంటి సామానులో ఒకటైపోయింది. డబ్బాలు మోసే కుర్రాడు రాని రోజున ఇల్లంతా గేటు వైపే చూస్తుంటాం.

ఈ ఏడు వానలకి ముందే చూరుకి పొడుగునా గొట్టం వేయించాం. ఇసుక, బొగ్గు, గులకరాళ్లు పొరలుగా పోసిన బానలోంచి నీళ్లు పెద్ద ట్యాంకులోకి దిగుతాయి. దోమలు చేరకుండా మూతి మీద వల కట్టాం. తాగేముందు కాచాల్సిందేనని అమ్మ పట్టు. దాని మీద సుద్దముక్కతో ‘వంటకి’ అని రాసింది కూడా తనే. పాత డ్రమ్ము చేపలకి వదిలింది. వాటికి వారానికి నలభై లీటర్లు చాలు.