పేటియా మీది పాత ముక్క

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పి, అందులో ఆహార్యానికి, అంటే దుస్తులు, నగలు, జుట్టుముడి, రంగులు కలిసి ఏర్పడే వేషానికి, మాటతో పాటు స్థానం కల్పించింది. ఆ విభజన నటుల కోసం చేసినదే అయినా, మార్కాపురం సంతలోనో గిద్దలూరు బస్టాండులోనో అద్దాలు మెరిసే పేటియా కట్టుకుని నడిచివెళ్లే పెద్దవయసు లంబాడీ స్త్రీని చూసినవారికి, వేషం నోరు విప్పకుండానే ఎంత చెప్పగలదో శాస్త్రం చదవకపోయినా తెలుస్తుంది. ఆమె ఏ జాతి స్త్రీ, పెళ్లయినదా కాదా అన్నవి చూపరి చదవగలిగిన సంగతులు. ఆ రంగుల వరుసను, ఆ అద్దాల అమరికను ఆమె ఎందుకు ఎంచుకుందన్నది మాత్రం ఆమె సొంత సంగతి, ఈ వ్యాసానికి విషయం కూడా అదే.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివి. ఒకవైపు నల్లమల అడవి, మరొకవైపు కంది, మిరప, పత్తి పండే మెట్ట పొలాలు ఉన్న ఈ నేల కోస్తాకూ దక్కనుకూ నడుమ దారి కావడంతో, ఎద్దుల మీద ఉప్పునూ ధాన్యాన్నీ మోసుకుంటూ కనుమలు దాటే లంబాడీల బిడారులు, సుగాలీలని కూడా పిలిచే ఆ జనం, ఇక్కడివారికి ఏనాటినుంచో తెలుసు. 19వ శతాబ్దిలో ఉప్పు మీద కంపెనీ, ఆ పిమ్మట బ్రిటిష్ ప్రభుత్వం బిగించిన గుత్తాధిపత్యం, కొత్త బండిబాటలు, చివరకు దిగువమెట్ట, గాజులపల్లెల మధ్య నల్లమలను దాటించి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా వేసిన మీటరుగేజి రైలుమార్గం, ఒకదాని తరువాత ఒకటిగా ఆ బతుకుతెరువును తుడిచిపెట్టాయి. బిడారులు ఆగిపోయి ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల వైపు తాండాలుగా స్థిరపడ్డాయి. ఎద్దులు పోయినా, ఎద్దుల వెంట నడిచిన కాలంలో పుట్టిన దుస్తులు మాత్రం మిగిలాయి. నిత్యం దారిలో ఉండేవారికి పెట్టెలూ బీరువాలూ ఉండవు కనుక వెండి, నాణేలు, గవ్వలు, తీరిక వేళల్లో చేసిన పనితనం అన్నీ ఒంటి మీదికే చేరాయి.

ఈ వేషంలో ప్రధానమైనవి మూడు. నడుము దగ్గర కుచ్చెళ్లు పోసి, మడమల పైవరకు దిగే ముదురు రంగు పావడా పేటియా. వీపు భాగాన్ని విడిచి తాళ్లతో ముడివేసే రవిక కాంచళి. తల మీదినుంచి వెనక్కి జారే పొడవాటి పైగుడ్డ టుక్రి. పేటియాలో ఎక్కువ కుట్టుపనిని మోసేది నడుముపట్టీ. కాంచళి ముందుభాగం మీద అద్దాలు, చేతుల మీద రంగుముక్కల అతుకులు, టుక్రి నుదుటి అంచున నాణేల వరుస ఉంటాయి. పాత టుక్రీలలో అణాలూ అర్ధణాలూ కనిపిస్తాయి. రూపాయిలో అరవై నాలుగో వంతయిన కాణీని 1943 నుంచి 1947 వరకు నడుమ పెద్ద చిల్లుతో ముద్రించారు, కుట్టేవారికి అంతకన్నా అనువైన నాణెం మరొకటి దొరకదు.

అద్దం బిళ్లకు చిల్లు ఉండదు. అందువల్ల దాన్ని గుడ్డ మీద పెట్టి, పైనుంచి అడ్డంగా రెండు పోగులు, నిలువుగా రెండు పోగులు బిగించి, ఆ చట్రాన్ని ఆధారం చేసుకుని చుట్టూ దారాన్ని మెలివేస్తూ కుట్టుకువస్తారు. చివరకు మొదట వేసిన చట్రం అంచులోకి లాగుకుపోయి, అద్దం దారపు గూటిలో ఇమిడిపోతుంది. పూలకూ గళ్లకూ కూడా ముందుగా గీత గీయడం ఉండదు, ముతక నూలుగుడ్డలోని పడుగు పేకల పోగులను కంటితో లెక్కపెట్టుకుంటూ సూది నడుపుతారు. గుడ్డే గళ్ల కాగితమయ్యే ఈ పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. పోగు కనిపించని పాలియెస్టరు గుడ్డ వచ్చాక లెక్క కుదరదు, లెక్క కుదరనప్పుడు కుట్టు రకమే మారిపోతుంది. తాండాల కుట్టు పలచబడడానికి యువతుల నిర్లక్ష్యమే కారణమని తేలికగా తీర్పు చెప్పేవారు, బట్టల కొట్టులో ఇప్పుడు దొరికే గుడ్డను ఒకసారి వేళ్లతో తడిమి చూడడం న్యాయం.

కుట్టు నేర్పేది యాడి. గోర్ బోలిలో, అంటే లంబాడీల మాతృభాషలో, యాడి అంటే అమ్మ. ఆ భాషకు సొంత లిపి లేదు, ఈ కుట్టుకు రాసిపెట్టిన నమూనా లేదు. ఆడపిల్ల తన పెళ్లినాటికి ధరించే దుస్తులను తానే కుట్టుకునే ఆచారం ఉన్నచోట్ల, కొన్నేళ్లపాటు ఆమె చేయి తల్లి చేతిని అనుసరించి, నెమ్మదిగా పక్కకు తొలగుతుంది. ఎరుపు పక్కన పసుపు రావాలన్న వాడుక తల్లిది, ఆ రెంటి నడుమ సన్నని నీలి గీత పిల్లది. సమష్టి వేషంలో వ్యక్తికి చోటు లేదని అనుకోవడం దూరంనుంచి చూసేవారి పొరపాటు. దగ్గరగా చూస్తే రెండు నడుముపట్టీలు ఒకేలా ఉండవు.

జుట్టు సంగతికి వస్తే, నడుమ పాపిట తీసి, చెంపల వైపు పాయలు అల్లి, ఆ పాయలకు వేలాడదీసే వెండి తొడుగులూ కుచ్చులూ ఈ వేషానికి ప్రాణం. గుగ్రి, టోప్లి అని పిలిచే ఈ నగలు ఇరువైపులా చెంపల పక్కన ఊగుతూ, మెడలో తాళి మైదానపు స్త్రీ గురించి చెప్పే మాటనే లంబాడీ స్త్రీ గురించి చెబుతాయి: ఈమె వివాహిత. బరువును పంచుకోవడానికి జుట్టును గట్టిగా, పాయలు పాయలుగా అల్లవలసి రావడం వల్ల, అలంకరణకు అల్లిక పునాది అయింది. తెలుగు పల్లెల్లో కొప్పు పెద్దదిగా నిలవడానికి సవరాన్ని, అంటే రాలిన జుట్టునో కొనుక్కున్న జుట్టునో కట్టగా కట్టిన పాయను, జతచేసుకోవడంలో ఉన్న ఓర్పు ఇటువంటిదే. పూలజడ, జడగంటలు ఇవాళ పెళ్లిపందిరికే పరిమితమయ్యాయి. గుగ్రి, టోప్లి ఇప్పటికీ కొందరు ముసలమ్మల నిత్యధారణలో ఉన్నాయి.

వస్త్రవ్యాపారంలో ఇటీవల తెలుగులోనూ వినిపిస్తున్న వింటేజ్ అన్న మాట మొదట ద్రాక్షకోతకు సంబంధించినది. ఫలానా సంవత్సరపు పంట అన్న అర్థంనుంచి, ఒక కాలపు ముద్ర చెదరకుండా నిలిచిన పాత వస్తువు అన్న అర్థానికి వచ్చింది. కొత్తగా తయారై పాతకాలాన్ని తలపించేదాన్ని రెట్రో అంటారు. 2018లో విడుదలై వేషరూపకల్పనకు జాతీయ పురస్కారం పొందిన ‘మహానటి’ ఈ రెండో కోవకు చెందిన గొప్ప పని. సావిత్రి కాలపు చీరకట్టును, రవిక తీరును, జడను ఈ తరం ప్రేమగా మళ్లీ చూసేలా చేసిన చిత్రమది. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా బుట్టచేతుల జాకెట్లు కుడుతున్నారు, పెళ్లిజాకెట్లకు మగ్గం వర్కు చేస్తున్నారు. మగ్గం వర్కులో మగ్గం నేతమగ్గం కాదు. గుడ్డను చెక్కచట్రానికి బిగించి, కొక్కెపు సూదితో పూసలూ జరీ కుట్టే పని అది. గంటలకొద్దీ వంగి కూర్చుని చేసే ఆ పనికి గౌరవం దక్కవలసిందే.

తాండా దుస్తుల్లో మాత్రం పాతా కొత్తా ఇలా విడివిడిగా ఉండవు. పేటియా దిగువభాగం ముళ్లకు చిరిగి, ఎండకు వెలిసి, ఉతుకులకు నలుగుతుంది. దట్టంగా కుట్టిన నడుముపట్టీ, దారమే రెండో గుడ్డలా పట్టి ఉంచడం వల్ల, ఇంకా గట్టిగా ఉంటుంది. అప్పుడు పట్టీని విప్పి కొత్త గుడ్డకు అతుకుతారు, పాత కాంచళి ముందుభాగాన్ని కొత్త కాంచళికి ఎక్కిస్తారు, ఊడిన అద్దాలను దాచి మరోచోట కుడతారు. పాతచీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టే తెలుగు ఇల్లాలికి ఈ లెక్క కొత్త కాదు. మిరపకోతలో చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకునే కూలిస్త్రీ వేషాన్ని కూడా ఇక్కడే తలచుకోవాలి. దానిలో కూడా ఎంపిక ఉంది, అందం ఉంది, అయితే దాన్ని అందమని పిలవడం ఇంకా ఎవరికీ తోచలేదు.

పేటియా రోజువారీ వాడుకనుంచి తప్పుకోవడానికి కారణాలు స్పష్టమే. బరువు ఒకటి, కూలిపనికీ బడికీ బస్సుకూ అనువు కాకపోవడం మరొకటి, అన్నిటికన్నా బాధించేది, ఊళ్లో అడుగుపెట్టగానే వేషాన్ని బట్టి వేరుగా చూసే చూపు. ఆ చూపును తప్పించుకోవడానికి చీరకో చుడీదారుకో మారిన తరాన్ని తప్పుపట్టే హక్కు, ఆ చూపు చూసినవారికి అసలే లేదు. ఇప్పుడు ఆ వేషం తీజ్ పండుగకు, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే ఆ వేడుకకు, లంబాడీలు గురువుగా కొలిచే సేవాలాల్ జయంతికి, ఫిబ్రవరి 15న, తిరిగివస్తోంది. ఆ రోజుకు కావలసినది చేతితో కుట్టడానికి నెలలు పడుతుంది కనుక, ప్లాస్టిక్ అద్దాల యంత్రపు లేసు అతికించిన తయారీ దుస్తులే ఎక్కువగా కొంటారు. అవి కూడా అమ్మాయిల ముఖాల్లో తెచ్చే వెలుగు నిజమైనదే.

కర్ణాటకలోని సండూరులో ఇదే కుట్టు 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. కిలన్, వేలే, మాకి, నక్రా వంటి 14 రకాల కుట్లకు అక్కడ పేర్లతో సహా నమోదు ఉంది. 2023 జూలైలో హంపిలో జరిగిన జి-20 సాంస్కృతిక సమావేశాల్లో లంబాడీ కుట్టు వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. మార్కాపురం పలకలను దేశమంతా ఎరుగును. ఆ పలకల ఊరికి కొద్దిదూరంలోని తాండాల్లో ఇంకా సూది పట్టగల ముసలమ్మల చేతుల్లో ఉన్న కుట్ల పేర్లను, వారే పలికే ఉచ్చారణలో రాసిపెట్టడం, బడిలో ఒక గంట వారిచేత నేర్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఎన్నేళ్లు ఆగితే అంత తక్కువమంది మిగులుతారు.

అలా మిగిలిన పాత పేటియా ఒకటి చేతికి దొరికినప్పుడు, నడుముపట్టీని తిరగేసి లోపలివైపు చూడాలి. పైకి ఒకే ఎరుపుగా కనిపించే చోట లోపల రెండు ఎరుపులు ఉంటాయి: ఒకటి వెలిసి ఇటుకరంగుకు దిగినది, మరొకటి ఇంకా పచ్చిగా ఉన్నది. రెంటినీ కలిపిన అతుకు దగ్గర ముతకదారపు పెద్ద కుట్లు ఆగి, సన్నదారపు చిన్న కుట్లు మొదలవుతాయి; యాడి చేయి ఆగిన చోటూ, కూతురు చేయి అందుకున్న చోటూ అదే.