చదవని అక్షరాలు, అలంకరించిన పొయ్యిగూళ్ళు

రోము నగరంలోని పియాజ్జా ది స్పాన్యా కూడలికి యాత్రికులు విశాలమైన మెట్లను చూడడానికి వస్తారు. మేము ఆ కూడలిలో ఇప్పుడు లేనిదానిని తలచుకుంటూ నిలిచాము. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇక్కడ ‘ఆంగ్లేయుల కాఫీశాల’ ఉండేది. పిరనేసి అనే చిత్రకారుడు దాని గోడలను ఈజిప్టు శైలిలో అలంకరించాడు. ఆ గోడలు నిలువలేదు. వాటి రూపం మాత్రం ఆయన 1769లో ప్రచురించిన గ్రంథంలో మిగిలింది.

ఆ గ్రంథం ముఖ్యంగా పొయ్యిగూళ్ళ అలంకరణను గురించినది. చలిదేశాల ఇళ్ళలో గోడలోనే గూడు కట్టి కట్టెలు మండిస్తారు. కుటుంబమంతా కూర్చునేది దాని ముందే గనుక, సంపన్నులు దాని చుట్టూ పాలరాతి చట్టం అమర్చుకునేవారు. పిరనేసి అటువంటి చట్టాలకు ఫిరౌనుల దేశపు స్ఫింక్సులను, ఎద్దులను, బిగుసుకుని నిలిచిన విగ్రహాలను, చిత్రలిపిని ఎక్కించాడు.

ఆయన ఈజిప్టును చూడలేదు. చూడకపోయినా లోటు కలుగలేదు. రోము చక్రవర్తులు తరలించుకువచ్చిన ఈజిప్టు శిలలు నగరమంతటా ఉన్నాయి. మేము ఉత్తరదిశగా నడిచి పియాజ్జా దెల్ పోపొలో చేరాము. అక్కడి ఏకశిలాస్తంభాన్ని ఆగస్టస్ చక్రవర్తి హీలియోపోలిస్ నుండి తెప్పించాడు. 1589లో దానిని ఇప్పటి చోట నిలిపారు. స్పాన్యా మెట్లపైన 1789లో నిలిపిన స్తంభం మీది లిపి, దీనిని చూసి రోమనులు చెక్కించిన అనుకరణ.

పిరనేసి కాలంలో ఆ లిపిని చదవగలవారు ప్రపంచంలో ఎవరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాని గుట్టు విప్పినట్లు ప్రకటించినది 1822లో, అంటే ఆ గ్రంథం వెలువడిన 53 సంవత్సరాల తరువాత. ఆలయాలకు, సమాధులకు చెందిన లిపి అలా చలిమంట చుట్టూ అంచుగా మారింది. 1798లో నెపోలియన్ దండయాత్ర తరువాతా, 1922లో తూతన్‌ఖామున్ సమాధి బయటపడిన తరువాతా ఈ మోజు మళ్ళీ మళ్ళీ పెరిగింది. పొయ్యిలో కట్టెలు ఆన్చే లోహపు దిమ్మెలకు సైతం స్ఫింక్సు రూపం వచ్చింది.

పిరనేసిని తప్పుపట్టలేము. ఆయనకు ఆ లిపిని నేర్చుకునే దారి లేదు. మన సంగతి అది కాదు. మన ఇళ్ళలో తలుపుల పైన, అద్దాల బీరువాలలో బంగారురంగు అక్షరాలతో ఆయతులు అలరారుతుంటాయి. వాటిని చదవడం నేర్పే గురువులున్నారు, అర్థం తెలిపే తెలుగు అనువాదాలున్నాయి. ‘ఇందులో ఏమి వ్రాసివుంది?’ అని పిల్లవాడు అడిగిననాడు సమాధానం చెప్పగలవారు ఆ ఇంట ఒక్కరైనా ఉండాలి.